రుమాలు కింద చెయ్యి

మొన్న ఆర్మూరు బజారులో తువ్వాల కొనడానికి ఒక బట్టల దుకాణం ఎక్కాను. దుకాణదారు నాలుగు రకాలు ముందర పరిచి, "ఎంత పెద్దది గావాలె పెద్దమనిషీ?" అని అడిగాడు. "మూడు చేతులు దాగాలె" అన్నాను, ఆలోచించకుండానే. ముసలాయన ఏదో అంటున్నాడులే అనుకుని, ఉన్నవాటిలో అన్నిటికంటే పెద్దది తీసి చేతిలో పెట్టాడు. ఇంటికి వచ్చాక ఆ మాట నా నోట ఎట్లా వచ్చిందా అని కూర్చుంటే చిచ్చా గుర్తుకొచ్చాడు. ఆయన పోయి యాభై ఏళ్లు దాటింది.

ఆయనకు పేరుంది. బతికున్నప్పుడు తను పెట్టిన సంఘం బోర్డు మీద కూడా రాయనివ్వని పేరును ఇప్పుడు నేను కాగితం మీద పెట్టడం బాగుండదు. బజారులో చిన్నా పెద్దా, హిందువూ ముసల్మానూ, అందరికీ ఆయన చిచ్చాయే, అంటే చిన్నాయనే.

చిచ్చా పసుపు బజారులో దలాల్. అమ్మేవాడికీ కొనేవాడికీ నడుమ నిలబడి బేరం కుదిర్చేవాడు. నేను మార్కెట్ కమిటీ ఆఫీసులో లెక్కలు రాసే మున్షీని. వేల్పూర్ నుంచి సైకిలు మీద వచ్చి నౌకరీలో చేరిన రోజే ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. పలకరించి వదిలేస్తాడనుకున్నాను. మాట్లాడినంతసేపూ వదల్లేదు. వేళ్లు ఒక్కొక్కటే నొక్కి చూసి, "కలం చెయ్యి. నాగలి ఇడిసిపెట్టి రెండేండ్లయింది. అవునా?" అన్నాడు. లెక్క సరిగ్గా రెండేళ్లే. నాకు కొంచెం సిగ్గేసింది, కొంచెం చిరాకేసింది.

తరువాత తెలిసింది, ఆయన అందరితోనూ అంతే. ఎదుటివాడి చెయ్యి చేతిలో లేకపోతే ఆయనకు మాట సాగేది కాదు. మొహాలు మరచిపోయేవాడు, చేతులు మరచిపోయేవాడు కాదు. కళ్లద్దాలకు ఒక కాడ విరిగి, దారంతో చెవికి కట్టి ఉండేది. ఆ అద్దాల్లోంచి ఆయనకు ఏమాత్రం కనిపించేదో నాకు అనుమానమే. ఎవరైనా నమస్కారం పెడితే అయోమయంగా చూసి, దగ్గరకు వచ్చి ఆ రెండు చేతులనూ విడదీసి ఒకటి పట్టుకుని, అప్పుడు, "ఓ, నువ్వా" అనేవాడు.

తన కుడిచేతిని ఆయన 'దుకాణం' అనేవాడు. ఆ చేత్తో సంచి మోసేవాడు కాదు, తలుపు తీసేవాడు కాదు, సైకిలు హ్యాండిలు పట్టేవాడు కాదు. చాయ్ కప్పు కూడా ఎడమచేత్తోనే. పెద్దవాళ్లు తప్పు పడితే, "ఏం చెయ్యాలె, దుకాణం మీద చాయ్ ఒలికితె బతుకెట్ల?" అనేవాడు. ఉదయం బజారులోకి వస్తూ ఆ చేతికి కొబ్బరినూనె రాసుకుని, వేళ్లు విరుచుకుని, "దుకాణం తెరిచిన" అని ఎవరికో చెప్పినట్లు చెప్పేవాడు. షేర్వాణీ ఎడమ చెయ్యి పసుపుతో గట్టిపడిపోయి ఉండేది. కుడి చెయ్యి మాత్రం ఉతికినట్లు ఉండేది.

ఆ చెయ్యి ఎందుకంత విలువైనదో ఇప్పటి వాళ్లకు చెప్పాలి. అప్పట్లో పసుపు బేరం నోటితో జరిగేది కాదు. రైతు తన పసుపు కుప్ప పక్కన కూర్చునేవాడు. కొనే సేటు వచ్చి, నాలుగు కొమ్ములు విరిచి చూసి, చెయ్యి చాచేవాడు. రైతు చెయ్యి, సేటు చెయ్యి కలిసేవి. వాటి మీద దలాల్ ఒక రుమాలు కప్పేవాడు. ఆ రుమాలు కింద వేళ్లతో ధర నడిచేది. ఇన్ని వేళ్లు పట్టుకుంటే ఇంత, అరచేతిలో గీత గీస్తే సగం, మణికట్టు నొక్కితే అదే ఆఖరు. పక్కనున్న సేట్లకు ధర తెలియకూడదని ఈ ఏర్పాటు. రైతుకు నచ్చకపోతే చెయ్యి గుంజుకునేవాడు. బేరం కుదిరితే రెండు చేతులూ గట్టిగా బిగిసేవి. నోటితో ఎవరూ ఒక్క అంకె పలికేవారు కాదు.

అంటే బేరానికి చెయ్యీ చెయ్యీ తగలాలి. హరిజనవాడ నుంచి వచ్చిన రైతు చెయ్యిని ఏ సేటూ పట్టుకునేవాడు కాదు. అటువంటి కుప్ప దగ్గర దలాలే కూర్చుని తన చెయ్యి పెట్టేవాడు, బేరం అయ్యాక రైతుకు నోటితో ధర చెప్పేవాడు. చెప్పినదే ధర. రుమాలు కింద నిజంగా ఏం నడిచిందో ఆ దలాల్‌కూ సేటుకూ తెలియాలి. చాలామంది దలాళ్లు ఆ సందులోనే ఇళ్లు కట్టుకున్నారు. చిచ్చా మాత్రం రుమాలు కింద విన్నది విన్నట్లు చెప్పేవాడు, అటువంటి కుప్పకు దలాలీ కూడా తీసుకునేవాడు కాదు. "నా చెయ్యి అందరిది" అనేవాడు. ఆ మాట అనేటప్పుడు ఆయనకు కొంచెం గర్వం ఉండేది. ఉండదగిన గర్వమే అనుకునేవాణ్ణి నేను.

సంఘం పెట్టింది కూడా ఆయనే. పిండిగిర్నీ వెనక ఒక గది, గోడకు ఒక గడియారం, కింద జంపఖానా, మూలన ఒక కుండ, కుండ మీద ఒకే ఒక గ్లాసు. అన్ని కులాలవాళ్లూ అన్ని మతాలవాళ్లూ వచ్చి కలిసి కూర్చోవాలన్నది ఉద్దేశం. సంఘానికి పెట్టిన పేరు చాలా పొడుగు. బోర్డు రాసేవాడు మొదట్లో పెద్ద అక్షరాలతో మొదలుపెట్టి, 'ఆర్మూరు సర్వజన' వరకు వచ్చేసరికి రేకు అయిపోయింది. ఇంకో రేకు కొందామన్నాం. "జనం అయింది గద, చాలు" అన్నాడు చిచ్చా. అప్పటినుంచి మా సంఘం సర్వజన.

దానికి నేను కార్యదర్శిని. అంటే సాయంత్రాలు పత్రిక చదివి వినిపించడం, నెలకోసారి తీర్మానాలు రాయడం. 'మనుషులంతా ఒక్కటేనని ఏకగ్రీవంగా తీర్మానించడమైనది' అని నా దస్తూరీతో ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. మనుషులంతా ఒక్కటి కాదని ఎవరైనా వాదిస్తే బాగుండునని ఒక్కోసారి అనిపించేది, తీర్మానంలో కొంచెం ఉప్పూ కారం ఉండేది. చిచ్చాకు తీర్మానాల మీద గౌరవం లేదు. ఆయన పెట్టిన నియమం ఒక్కటే. ఎవరు ఏ వరుసలో వస్తే ఆ వరుసలో కూర్చోవాలి, అందరికంటే ముందు వచ్చినవాడు మిగతావాళ్లకు నీళ్లు ముంచి ఇవ్వాలి. ముందు వచ్చేది ఎక్కువగా హమాలీలే. వాళ్లు ముంచి ఇస్తే సేటూ తాగాలి, పంతులూ తాగాలి. మొదట్లో చాలామందికి సంఘానికి వచ్చేసరికి దాహం తీరిపోయి ఉండేది. సంవత్సరం తిరిగేసరికి తాగడం అలవాటైంది. మా అమ్మ మాత్రం నేను సంఘం నుంచి వచ్చానంటే వాకిట్లోనే చెంబెడు నీళ్లు పెట్టేది. నేను ఆ నీళ్లతో కాళ్లు కడుక్కునే లోపలికి వెళ్లేవాణ్ణి. ఈ సంగతి ఏ తీర్మానంలోనూ రాయలేదు.

సంఘానికి గడియారం ఇచ్చింది బజారులో అందరికంటే పెద్ద ఖరీదుదారు. సేటు అంటే చాలు, ఆయనే. మంచివాడు. ఏడాదికోసారి సంఘం ఫొటో తీసే రోజు వచ్చి, హమాలీల నడుమ జంపఖానా మీద కూర్చుని, కుండ నీళ్లు తాగి వెళ్లేవాడు. ఒకసారి చిచ్చా ఆయన చెయ్యి పట్టుకుని, "గీడ తాగుతవు, గాడ చెయ్యి పట్టవు. ఏంది సేటూ?" అని అడిగాడు. సేటు కోపం తెచ్చుకోలేదు. "సంగం సంగమే చిచ్చా, బజార్ బజారే. నేను పడితె మిగతా సేట్లు నా చెయ్యి పడ్తరా?" అన్నాడు. ఆ జవాబులో అబద్ధం లేదు. చిచ్చా కూడా మళ్లీ అడగలేదు.

గంగారాం ఆలూరు మనిషి. హరిజనవాడ. బజారులో పదేళ్లు హమాలీ చేశాడు. ఆ పదేళ్లలో మా బజారులో అతని భుజం ఎక్కని బస్తా లేదు, అప్పుడు ఎవరికీ ఏ అంటూ తగల్లేదు. సర్కారు పంచిన భూమిలో అతనికి ఎకరంన్నర వస్తే బావి తవ్వుకుని పసుపు వేశాడు. మొదటి పంట బండి మీద తెచ్చి, తను బస్తాలు దించిన చోటే కుప్ప పోసి, దాని పక్కన కూర్చున్నాడు. మంచి సరుకు. కొమ్ము విరిస్తే లోపల ఎర్రగా ఉండేది. సేటు వచ్చాడు. చిచ్చా ఎప్పటిలాగే తన దుకాణం తెరిచి రుమాలు కింద పెట్టాడు. ఆ వారం బజారులో అదే మంచి ధర. చిచ్చా పొంగిపోయాడు. గంగారాం దండం పెట్టి వెళ్లిపోయాడు.

మరుసటి చలికాలం ఒక సాయంత్రం సంఘంలో పదిమందిమి ఉన్నాం. చిచ్చా ఆ బేరం కథ ఎవరో కొత్తాయనకు చెబుతున్నాడు. కొత్తాయన చెయ్యి పట్టుకుని, సేటు ఎక్కడ నొక్కాడో తను ఎక్కడ నొక్కాడో చూపిస్తూ, "నా చెయ్యి అందరిది" దాకా వచ్చాడు. కుండ దగ్గర కూర్చున్న గంగారాం నెమ్మదిగా అన్నాడు.

"చిచ్చా, నీ చెయ్యి మంచిదే. కాని నాకు సుత ఒక చెయ్యి ఉన్నది."

చిచ్చా నవ్వాడు. "ఉండకేం బేటా. ఎవలు లేదన్నరు?"

"ఎవలనలేదు. రుమాల్ కింద ధర నచ్చకుంటె రైతు చెయ్యి గుంజుకుంటడు గద. నాకు నచ్చకుంటె నీ చెయ్యి నేనెట్ల గుంజాలె?"

గంగారాం నిష్ఠూరమాడటం లేదు. తెలియక అడిగినట్లే అడిగాడు. "ధర తక్కువని కాదు చిచ్చా. మంచిగనే అమ్మిపెట్టినవ్. వద్దనేది సుత నా చేతుల ఉండాలె గద అంటున్న."

చిచ్చా కొత్తాయన చెయ్యి వదిలేశాడు. నాకు తెలిసినంతలో ఆయన మాట మధ్యలో ఒకరి చెయ్యి వదలడం అదే మొదలు. కాసేపు తన కుడిచేతిని మోకాలి మీద పెట్టుకుని చూసుకున్నాడు. తరువాత లేచి చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు. మూడు వారాలు సంఘానికి రాలేదు. గంగారాం మీద అలిగాడనుకున్నాం. కృతజ్ఞత లేదని గంగారాంను మాలో కొందరు తిట్టారు కూడా. తిట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆయన్ను అంత మాట అనడం అవసరమా అనిపించింది నాకు. అటువంటి మాటలు నాకు ఆ రోజుల్లో తొందరగా అనిపించేవి.

సీజను మొదలైన రోజు చిచ్చా బజారుకు వచ్చాడు. కుడిచేతికి మణికట్టు దాటి కట్టు ఉంది. పాలు పొంగి మీద పడ్డాయన్నాడు. ఒక్క వేలు కూడా బయటికి లేకుండా తెల్లటి గుడ్డ ముద్దగా చుట్టి ఉంది. బజారంతా ఆయన్ను పరామర్శించింది. "దుకాణం బంద్" అని ఎడమచెయ్యి తిప్పేవాడు. దలాలుకు చెయ్యి లేకపోతే గాయకుడికి గొంతు లేనట్లే. ఆయనకు వచ్చే కుప్పలు పడుచు దలాళ్లకు పోయాయి. ఆయన మాత్రం రోజూ వచ్చి బజారు నడుమ నిలబడేవాడు.

రెండో వారం గంగారాం బండి వచ్చింది. పోయినేటికంటే మంచి సరుకు. కుప్ప పోసి కూర్చున్నాడు. ఆరోజు పొద్దున వచ్చిన కుప్పలన్నీ పన్నెండింటికల్లా లేచిపోయాయి. గంగారాం కుప్ప ఒక్కటే మిగిలింది. పడుచు దలాళ్లు ఇద్దరు ముగ్గురు వచ్చి తమ చెయ్యి పెడతామన్నారు. "వద్దు. నా కుప్ప, నా చెయ్యి" అన్నాడు గంగారాం. అమ్ముడుపోకపోతే సరుకును ఆలూరు తిప్పుకుపోవాలి. తిప్పుకుపోయిన సరుకుకు మరుసటి వారం విలువ ఉండదు. అంతకంటే పెద్ద సంగతి, ఈ రోజు బండి వెనక్కి తిరిగితే వాడలో ఇంకెవరూ తన కుప్ప దగ్గర తన చెయ్యి పెడతానని అనరు. ఇది గంగారాంకు తెలుసు. బండి దగ్గర అతని పెండ్లాం తల మీద కొంగు కప్పుకుని, కుప్ప వంక చూడకుండా కూర్చుంది.

సేటు రెండుసార్లు ఆ దారిన వెళ్లాడు. రెండుసార్లూ కొమ్ము విరిచి వాసన చూశాడు. ఆయనకు ఆ పసుపు కావాలి. మూడోసారి వచ్చి చిచ్చాను అడిగాడు.

"చిచ్చా, రెండు వేళ్లు బయటికి తియ్యరాదూ. రెండు వేళ్లు చాలు నాకు."

"డాక్టర్ వద్దన్నడు సేటూ."

"ఒక్క ఏలు?"

"ఏలు లేస్తలేదు సేటూ, ఏం చెయ్యాలె."

సేటు చుట్టూ చూశాడు. ఆఫీసు అరుగు మీద నేను కనిపించాను. "మున్షీ, జర నువ్వన్న చెయ్యి పెట్టు. సంగపోనివి గద" అన్నాడు. నాకు వెంటనే హుషారొచ్చింది. పోనీ, గంగారాంకు ఇంత సాయం చేద్దాం, పాపం ఎండలో కూర్చున్నాడు అనుకుని, చొక్కా చెయ్యి పైకి మడుస్తూ అరుగు దిగాను. చిచ్చా నాకు అడ్డం వచ్చాడు. కట్టులేని చేత్తో నా మోచెయ్యి పట్టుకున్నాడు. ఆ పట్టు ఇప్పటికీ గుర్తుంది, నొప్పి పుట్టింది.

"మున్షీ, నాకు దూప అయితున్నది. పోయి చాయ్ పట్కరా."

"ఇప్పుడా చిచ్చా?"

"ఇప్పుడే."

వెళ్లాను. అందుకే ఆ తరువాత ఏం జరిగిందో నేను చూడలేదు. సేటు ఎంతసేపు నిలబడ్డాడో, ముందు చెయ్యి ఎవరు చాచారో తరువాత పదిమందిని అడిగితే పదిరకాలుగా చెప్పారు. నేను చాయ్‌తో తిరిగి వచ్చేసరికి కుప్ప చుట్టూ మనుషులు గోడ కట్టినట్లు నిలబడి ఉన్నారు. గంగారాం, సేటు ఎదురెదురుగా కూర్చున్నారు. నడుమ రుమాలు ఉంది. దాని కింద కదులుతున్నది రెండు చేతులే. రుమాలు కొసను చిచ్చా ఎడమచేత్తో పట్టుకుని ఉన్నాడు.

అంతలో గంగారాం చెయ్యి గుంజుకున్నాడు.

ఇంతదాకా వచ్చి ఇదేం పని అనుకున్నాను. సేటు చెయ్యి ఒక్కటే రుమాలు కింద మిగిలింది. గంగారాం తన చేతిని తొడ మీద పెట్టుకుని, పసుపు కుప్పను చూస్తున్నాడు. సేటు చెయ్యి తీసుకోలేదు. అట్లాగే ఉంచి, రుమాలు కింద వేళ్లు ఆడించి పిలిచాడు. గంగారాం మళ్లీ పెట్టాడు. ఈసారి తొందరగానే బిగిసింది. చిచ్చా రుమాలు లాగి భుజాన వేసుకుని, నా చేతిలోంచి చాయ్ అందుకున్నాడు. తాగబోయి సగం షేర్వాణీ మీద ఒలకబోసుకున్నాడు.

సేటు లేచి నల్లా దగ్గరకు వెళ్లి చేతులు కడుక్కున్నాడు. పసుపు బజారులో చెయ్యి కడుక్కోవడం అందరూ చేసే పనే. అందరి కంటే కొంచెం ఎక్కువసేపు కడుక్కున్నాడా అని నేను చూస్తుంటే, చిచ్చా అన్నాడు. "కడుక్కోనీ. వచ్చే వారం సుత పెడ్తడు గద."

ఆ సాయంత్రం గంగారాంను అడిగాను, ధర తక్కువ పెట్టాడా, ఎందుకు గుంజుకున్నావని.

"మంచి ధరనే పెట్టిండు సారూ. గుంజితె ఏమైతదో చూద్దామని గుంజిన."

"ఏమైంది మరి?"

"మళ్ల పెట్టుమన్నడు" అన్నాడు గంగారాం. ఆ మాట అంటూ మొహం పక్కకు తిప్పుకున్నాడు. మళ్లీ ఇటు తిప్పడానికి కొంతసేపు పట్టింది.

అదే సాయంత్రం ఇంకొకటి కూడా జరిగింది. అందరూ వెళ్లాక తీర్మానాల పుస్తకం సర్ది, నీళ్ల కోసం గది వెనకకు వెళ్లాను. పొద్దుగూకిన మగ్రిబ్ వేళ. చిచ్చా నమాజుకు ముందు చేతులు కాళ్లు కడుక్కుంటున్నాడు. కట్టు విప్పి గోడ మీద పెట్టాడు. కుడిచెయ్యి మీద మచ్చ లేదు, బొబ్బ లేదు. ఐదు వేళ్లూ బాగున్నాయి. నన్ను చూసి తడబడలేదు.

"నిజంగ దెబ్బ ఉంటె కట్టు మీద తడిచెయ్యి రాస్తె చాలు మున్షీ. లేదు గద. ఇప్పి కడగాలె" అన్నాడు. "బజార్ల అబద్ధం చెప్పిన. నమాజ్‌ల ఎట్ల చెప్త?"

అంటే రోజుకు ఐదుసార్లు విప్పుతూ, ఐదుసార్లు కట్టుకుంటూ రెండు వారాలు గడిపాడు. ఎడమచేత్తోనూ పళ్లతోనూ కట్టుకోవడం కష్టమవుతున్నదని, నమాజు ముగించి వచ్చి చెయ్యి నా ముందు చాచాడు. "గట్టిగ కట్టు. సీజన్ ఇంక రెండు నెలలున్నది." నేను కట్టాను. ఆ రెండు నెలలూ సాయంత్రం కట్టు నేనే కట్టాను. ఒకరోజు ఉండబట్టలేక, నీకు వచ్చే కుప్పలన్నీ పోతున్నాయి కదా చిచ్చా అన్నాను. "ఇన్నేండ్లు మంచి చేస్తున్న అనుకున్న మున్షీ. అడ్డం కూసున్నననుకోలె" అన్నాడు. అంతే. ఆ విషయం మళ్లీ ఎత్తలేదు. నేను చూసిన పెద్దమనుషుల్లో, తను చేసిన మంచిపనిని తప్పని ఒప్పుకున్నవాడు ఈయన ఒక్కడే. నాకు ఆయన మీద ఉన్న ప్రేమ ఆ మాట దగ్గర మొదలైంది.

ఆ సీజను అయ్యేలోపు వాడ నుంచి వచ్చినవాళ్లు ఇంకో నలుగురు తమ చెయ్యి తాము పెట్టారు. చిచ్చా కట్టు విప్పేసరికి ఆయన దగ్గరకు వచ్చే రైతులు వేరే చేతులకు అలవాటుపడ్డారు. ఆ తరువాత ఆయనకు పెద్ద బేరాలు రాలేదు. ఏటా గంగారాం మాత్రం కుప్ప పోసి, ఆయన్ను వెతికి పట్టుకొచ్చి, "రుమాల్ నువ్వే కప్పాలె చిచ్చా" అనేవాడు. కప్పేవాడు. చెయ్యి మాత్రం పెట్టేవాడు కాదు.

అరవైల చివర్లో చిచ్చాకు పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది, మాట పోయింది. దవాఖానలో చూపించి ఇంటికి తెచ్చారు. దొంగకట్టు కట్టినందుకే చెయ్యి పోయిందని బజారులో ఎవరో అన్నారు. అప్పటికి ఆ సంగతి అందరికీ తెలిసిపోయింది. అన్నవాడిని నేను తిట్టాను. నేను మనుషులను తిట్టిన సందర్భాల్లో అదొక్కటే సరైనది.

వారం వారం చూడడానికి వెళ్లేవాణ్ణి. ఎడమచేత్తో నా చెయ్యి పట్టుకుని నొక్కేవాడు. నేను ఏదో ఒకటి చెప్పి, తల ఊపి, లేచి వచ్చేవాణ్ణి. ఒక శుక్రవారం నేను వెళ్లేసరికి గంగారాం మంచం పక్కన కింద కూర్చుని ఉన్నాడు. ఇద్దరి చేతుల మీదా రుమాలు ఉంది. రుమాలు కదులుతున్నది. గంగారాం, "గంతెందుకైతది చిచ్చా, గీ ఏడు సరుకు మస్తొచ్చింది" అంటున్నాడు. రుమాలు మళ్లీ కదిలింది. గంగారాం నవ్వాడు. చిచ్చా నోటి ఎడమవైపు కూడా నవ్వింది. ఆయన మాట్లాడుతున్నాడు. రెండు నెలలుగా ఆయనతో మాట్లాడినవాడు గంగారాం ఒక్కడే.

గంగారాం నన్ను చూసి చోటిచ్చాడు. నేను కూర్చుని రుమాలు కింద చెయ్యి పెట్టాను. చిచ్చా నా వేళ్లు పట్టుకున్నాడు. రెండు పట్టి వదిలాడు, అరచేతిలో గీత గీశాడు, మళ్లీ మూడు పట్టాడు. నాకేమీ అర్థం కాలేదు. అన్నేళ్లు పసుపు బజారు ఆఫీసులో కూర్చున్నాను, రుమాలు కింది భాష ఒక్క ముక్క నేర్చుకోలేదు. ఆయన మళ్లీ మొదటినుంచి చెప్పాడు, ఓపికగా.

"ఏమంటున్నడు గంగారాం?" అన్నాను.

"చూస్తె తెల్వది సారూ. చెయ్యి పెడ్తె తెలుస్తది."

"పెట్టు మరి."

గంగారాం ఒక్క క్షణం నా మొహంలోకి చూశాడు. తరువాత రుమాలు ఎత్తి, తన చెయ్యి నా చెయ్యి పక్కన పెట్టాడు. గరుకుగా, వెచ్చగా ఉంది. చిచ్చా మా ఇద్దరి వేళ్లనూ కలిపి పట్టుకున్నాడు.

ఎనిమిదేళ్లు నేను సర్వజన కార్యదర్శిని. మనుషులంతా ఒక్కటేనని ఆ పుస్తకం నిండా రాశాను. ఆ మనిషి ముంచి ఇచ్చిన నీళ్లు ఎన్నోసార్లు తాగాను, అతని పక్కన ఎన్నో సాయంత్రాలు కూర్చున్నాను. గంగారాం చెయ్యి నాకు తగలడం అదే మొదలు. ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది. చిచ్చాకు ఎప్పటినుంచో తెలిసి ఉండాలి. ఎవరి చెయ్యి ఎవరికి తగిలిందో లేదో ఆయనకు తెలియకుండా ఉంటుందా? నాకు కళ్లలో నీళ్లు వచ్చాయి. తుడుచుకోవడానికి చెయ్యి తీయాలి. తీయలేదు.

"ఏమంటున్నడు?" అని మళ్లీ అడిగాను.

రుమాలు కింద పట్టు బిగిసింది. గంగారాం మెల్లగా చెప్పాడు.

"బేరం అయిందంటున్నడు సారూ."